లేనిది లేదని రాసినందుకు

పోయిన వారం మా ఇంటికి ఒక టీచరమ్మాయి వచ్చింది. పేరు శైలజ. ఆటోనగర్ వైపు ఒక హైస్కూల్లో తెలుగు చెబుతుందట. మెకానిక్కుల పిల్లలు, వెల్డింగు షాపుల వాళ్ళ పిల్లలు ఎక్కువ ఆ బళ్ళో. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి ఒక పేజీ చదివించి, చదివిందాంట్లో ఎంత అర్థమైందో ప్రశ్నలడిగి, ఓపిగ్గా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది. చాలామంది గడగడా చదివేశారు గానీ ఏం చదివారో చెప్పలేకపోయారట. దిగులు పడి, ఎవరో చెబితే నా దగ్గరికొచ్చింది. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇదే ఊళ్ళో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. కాఫీ తాగుతూ, "మీ రోజుల్లో ఇలా ఉండేది కాదు కదండీ మేడం" అంది. అవునంటానని దాని ఆశ. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మాట మీద. ఆ రోజుల్లో చదువులే చదువులని సభల్లో శాలువాలు కప్పుకుని చెప్పే ముసలాళ్ళు కొందరితో కలిసి నేను చదువుకున్నాను. వాళ్ళకి ఎంత అర్థమయ్యేదో నాకు తెలుసు. "మా రోజుల్లో ఇంతకంటే అధ్వాన్నంగా ఉండేదమ్మా. కాకపోతే నీలాగా పక్కన కూర్చుని ఎవరూ అడగలేదు. అడగకపోతే రాదని ఎలా బయటపడుతుంది?" అన్నాను. ఆ అమ్మాయి నమ్మినట్టు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు ఈ ఊరిని బెజవాడ అనేవాళ్ళం. యుద్ధం రోజులు. నేను చదివిన హైస్కూలు పేరు రాయను, అక్కడి వాళ్ళ పిల్లలూ మనవలూ ఇప్పుడు బాగా బతుకుతున్నారు, వాళ్ళకెందుకు ఈ గొడవ. క్లాసులో నలభై మంది మగపిల్లలు, గోడవారగా ఒక బెంచీ మీద నలుగురం ఆడపిల్లలం. పాఠం చదవడమంటే ఒకడు నిలబడి గొంతెత్తి చదవడం, పంతులుగారు ప్రతిపదార్థం చెప్పడం, మేము ఆ ప్రతిపదార్థాన్ని బట్టీ కొట్టడం. పరీక్షలో తెలియని గద్యం ఒకటి ఇచ్చి కింద నాలుగు ప్రశ్నలు ఇచ్చేవారు. దానికి క్లాసంతటికీ తెలిసిన కిటుకు ఒకటుండేది. ప్రశ్నలో ఉన్న పెద్ద మాట ఏదో చూసుకుని, ఆ మాట పైన గద్యంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం మొదటినుంచి చివరిదాకా దించేయడం. నా పక్కన కూర్చునే సరోజకి ఈ విద్యలో సాటి లేదు. ఒకసారి దించినదాని అర్థం ఏమిటే అని అడిగితే "అర్థం పంతులుగారికి తెలుసు కదా, మళ్ళీ నాకెందుకు" అంది. నూటికి డెబ్భై వచ్చేవి దానికి.

మా ఇల్లు మాత్రం వేరు. ఉయ్యూరుకి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు, ఊళ్ళో మగ్గాల వీధి మాది. తెల్లవారేసరికి వీధి పొడుగునా పడుగులు సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పెట్టి కుంచెలతో దువ్వుతూ ఉండేవాళ్ళు. ఎండ ముదిరితే దారం పెళుసెక్కి తెగుతుంది కాబట్టి ఆ పని పొద్దెక్కకముందే అయిపోవాలి. అటుగా వచ్చిన బళ్ళవాళ్ళు కూడా పడుగు తీసేదాకా ఎడ్లని ఆపుకుని నిలబడేవాళ్ళు, ఎవరూ గొణిగేవాళ్ళు కాదు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, మా అమ్మ పొయ్యి మీద పెట్టిన ఉలవచారు వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంట్లో ఉదయం. ఇప్పటికీ ఇస్త్రీ షాపు ముందునుంచి వెళుతున్నప్పుడు కాస్త గంజి వాసన తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. మధ్యాహ్నం అన్నాలైన తర్వాత తాత గుంట మగ్గంలోకి దిగేవాడు. ఆ గుంట అంచున గోనెపట్టా వేసుకుని నేను కూర్చునేదాన్ని. నా పని చదవడం.

మా తాతకి అక్షరం ముక్క రాదు. మా నాన్నకి సంతకం వరకే వచ్చు. పోస్టాఫీసు నుంచి రెండు రోజుల ఆలస్యంగా తెచ్చుకున్న పేపరు, అది దొరకని రోజున నూలు కట్టలకు చుట్టి వచ్చిన కాగితం, అదీ లేకపోతే చినిగిన పురాణం పుస్తకం, ఏదో ఒకటి తాత చదివించుకునేవాడు. నేను చదువుతున్నంతసేపూ మగ్గం ఆడుతూనే ఉండేది. దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తేది. నేను ఆపగానే మగ్గం కూడా ఆగేది. మగ్గం ఆగిందంటే ప్రశ్నలు వస్తాయని అర్థం. మూడే అడిగేవాడు. మొదటిది తేలిక, రెండోది కాస్త ఆలోచించాలి. మూడోది ఉందే, అది దొంగ ప్రశ్న. చాలాసార్లు దాని జవాబు నేను చదివిందాంట్లో ఉండేది కాదు. నేను ఏదో ఒకటి కల్పించి చెబితే తాత తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. "మళ్ళీ సదువు" అనేవాడు. మొదటినుంచీ చదవాల్సిందే. చివరికి "ఇందులో లేదు తాతా" అంటే మగ్గం మళ్ళీ మొదలయ్యేది. అంతే, అదే మెప్పు.

ఈ పట్టుదల ఎందుకని నేను అడగలేదు. అడిగే అవసరం లేకుండా పదేళ్ళ వయసులోనే నాకు బుద్ధొచ్చే పని జరిగింది. యుద్ధం వల్ల నూలుకి కరువు. నూలు ఇస్తే మగ్గం ఆడుతుంది, లేకపోతే వీధంతా అరుగుల మీద కూర్చోవాలి. ఒకరోజు పేపర్లో నూలు పంపిణీ గురించి ప్రకటన పడింది. ఎప్పుడిచ్చేదీ తర్వాత తెలియజేస్తామని ఉంది. వీధిలో వాళ్ళంతా మా గుమ్మంలో మూగి "ఎప్పుడిస్తారంటే" అని అడుగుతుంటే, అంతమంది నా మొహం వైపే చూస్తుంటే, నాకు గొప్పగా అనిపించి "వచ్చే మంగళవారం" అన్నాను. అంతకు ముందుసారి మంగళవారమే ఇచ్చారు మరి. తాత ఆ సమయానికి ఇంట్లో లేడు. మంగళవారం నాడు పదిహేను మంది మగవాళ్ళు ఎండలో ఉయ్యూరు దాకా నడిచి, మూసిన నూలు డిపో తలుపులు చూసి, మళ్ళీ నడిచి వచ్చారు. ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తాత మాత్రం ఆ పేపరు నా చేతికిచ్చి, మంగళవారం అనే మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. సాయంత్రం దాకా ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత లేనిది చదవడం నాకు చేతకాలేదు.

మా ఊరి బడి అయిపోయాక నన్ను బెజవాడ పంపడానికి నాన్నకి ఇష్టం లేదు. ఇంట్లో రాట్నం మీద నూలు కండెలు చుట్టే చెయ్యి ఒకటి తగ్గుతుంది, వయసొస్తున్న పిల్ల, వీధిలో ఎవరి పిల్లా వెళ్ళలేదు. తాత పట్టుబట్టాడు. చివరికి ఒప్పందం కుదిరింది. పాసవుతున్నంత కాలం చదువు. ఏ సంవత్సరం తప్పినా సరే, పెట్టె సర్దుకుని వచ్చి రాట్నం దగ్గర కూర్చోవాలి. ఆ మాట నాన్న నా ఎదురుగానే అన్నాడు, నేనూ సరేనన్నాను. అలా వన్‌టౌన్‌లో మా మేనత్త ఇంట్లో చేరాను. మామయ్యది బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంట్లో ఎక్కడ చూసినా కొత్త గుడ్డల వాసన, తానుల మీద చల్లిన కర్పూరం వాసన. అత్తయ్య తెల్లారగట్ల లేచి కాలవ నీళ్ళు పట్టి, చిల్లగింజ వేసి తేర్చి, అప్పుడు గాని ఎవరికీ మంచినీళ్ళు ఇచ్చేది కాదు. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నా కంచంలో రెండో గరిటె పప్పు వెయ్యకుండా ఏనాడూ బడికి పంపలేదు.

ఐదో ఫారం, అంటే ఇప్పటి పదో తరగతి లాంటిది, సంవత్సరాంతపు పరీక్ష. తెలుగు పేపర్లో తెలియని గద్యం ఒక పడవవాడి గురించి. కాలవ మీద పడవలో వచ్చిన ఒక పెద్దమనిషి తన మూట పడవలోనే మరిచిపోతాడు. పడవవాడు అది చూసి రెండు క్రోసుల దూరం నడిచి వెళ్ళి మూట ఇచ్చేస్తాడు. పెద్దమనిషి సంతోషించి ఏదో బహుమానం ఇవ్వబోతే, "పడవవాఁడు మాఱు పలుకక తన త్రోవఁ బోయెను." అక్కడితో అయిపోయింది. నాలుగో ప్రశ్న, పడవవాడు బహుమానం ఎందుకు పుచ్చుకోలేదని. గద్యం మూడుసార్లు చదివాను. మగ్గం ఆగినట్టే అనిపించింది నాకు. ఇది తాత అడిగే మూడో ప్రశ్నే అనుకున్నాను. పరీక్ష పెట్టినవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో, నిజంగా చదివారా లేదా అని చూస్తున్నారు అని మురిసిపోయాను కూడా. నిబ్బరంగా రాశాను. "ఎందుకు పుచ్చుకోలేదో ఇందులో లేదు. ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడని మాత్రమే ఉంది." నా తప్పేమైనా ఉంటే అక్కడుంది. ప్రశ్న అడిగేవాళ్ళంతా మా తాతలాంటి వాళ్ళే అనుకోవడం.

పేపర్లు దిద్ది క్లాసుకి తెచ్చిన రోజున పంతులుగారు నన్ను నిలబెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన పద్యం ఎత్తుకుంటే వరండాలో పోయే బంట్రోతు కూడా ఆగి వినేవాడు. కానీ ఇంగ్లీషు మాస్టర్ల ముందు తెలుగు పంతులుగారిని ఆ బళ్ళో ఎవరూ ఖాతరు చేసేవాళ్ళు కాదు. ఆ లోకువంతా భరించి క్లాసులోకి వచ్చిన మనిషికి, మగ్గాలవాళ్ళ పిల్ల కూడా ఎదురు చెబితే ఎలా ఉంటుందో ఇవాళ నాకు అర్థమవుతుంది. అర్థమవుతుంది గానీ, ఒప్పుకోను.

"ఏమిటమ్మాయ్ ఇది?" అన్నారు నా పేపరు ఊపుతూ.

"జవాబేనండీ."

"ఇందులో లేదు అనేది జవాబా? దైవభీతి గలవాడు కనుక పుచ్చుకోలేదు. ఇంతమంది రాశారు. నీకొక్కదానికే గ్రహించుకునే శక్తి లేదా?"

"గ్రహించుకోమంటే చాలా తోస్తాయండీ. మూట ఇవ్వడానికి కాదు, బహుమానం కోసమే వచ్చాడనుకుంటారని సిగ్గేమో. పడవ వదిలేసి వచ్చాడు కదా, ఆలస్యమైపోతోందేమో. ఆ పెద్దమనిషి ఇచ్చిన తీరు నచ్చలేదేమో. ఇందులో ఏది రాయమంటారండీ?"

నేను నిజంగానే అడిగాను. ఒక్కటి చెబితే అదే రాసుకుందామనే అడిగాను. కానీ వెనక బెంచీల వాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. పంతులుగారి మొహం ఎర్రబడింది. ఎర్ర పెన్సిలు తీసి, ఆ ఒక్క ప్రశ్నకే కాదు, గద్యం కింద నేను రాసిన నాలుగు జవాబులకీ అడ్డంగా ఒక గీత గీశారు. ఆ గీతతో నేను తెలుగులో తప్పాను. తెలుగులో. మిగతా అన్నిట్లో పాసై, లెక్కల్లో కూడా పాసై, చదివింది అర్థం చేసుకోవడం రాలేదని తప్పాను.

సంగతి హెడ్మాస్టారి గది దాకా వెళ్ళింది. ఆయన కోటు వేసుకునే మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. "చూడమ్మాయ్, దీన్ని పెద్దది చేసుకోకు. ఒక కాగితం మీద రాసివ్వు. నేను రాసిన జవాబు తప్పు, పంతులుగారు చెప్పినదే సరి, క్షమించవలెను అని. ఆయన మార్కులు వేస్తారు. జూన్‌లో ఆరో ఫారంలో కూర్చుంటావు" అన్నారు. ఎదురు మాట్లాడినందుకైతే క్షమించమని రాస్తాను గానీ జవాబు తప్పని రాయలేనండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, సోమవారం మీ పెద్దవాళ్ళని తీసుకురమ్మన్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య తల పట్టుకుంది. "రెండు ముక్కలు రాసిస్తే నీ సొమ్మేం పోయిందే? ఆ పడవవాడు మనకి చుట్టమా పక్కమా? దేవుడికి భయపడ్డాడో, పెళ్ళానికి భయపడ్డాడో, వాడి గొడవ నీకెందుకు? మీ నాన్నన్న మాట గుర్తుందా నీకు?" గుర్తుంది. రాట్నం గుర్తుంది. దాని ముందు కూర్చుంటే కనబడే మట్టిగోడ కూడా గుర్తుంది. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. ఒకటి రెండుసార్లు కాగితం తీసి, నేను రాసిన జవాబు తప్పు అనేదాకా రాశాను కూడా. ఆ ముక్క చూస్తే, పదిహేను మంది ఎండలో నడిచి వస్తున్నట్టు అనిపించి చించేశాను. నాన్నకి తెలిస్తే గొడవైపోతుందని అత్తయ్య బస్సు కండక్టరు చేత తాతకే కబురు పంపింది.

సోమవారం పొద్దున్నే తాత బొగ్గు బస్సులో దిగాడు. పెట్రోలు దొరక్క బస్సులకి వెనకాల బొగ్గు పొయ్యి కట్టి నడిపేవాళ్ళు అప్పుడు. వంతెన ఎక్కలేకపోతే జనం దిగి తోసేవాళ్ళు. దిగేసరికి తాత మొహం, చెవులు, మీసాలు అన్నీ మసి. కొట్టు ముందు పంపు దగ్గర శుభ్రంగా కడుక్కుని, తను నేసుకున్న ఉత్తరీయం భుజాన వేసుకుని, బడికి బయల్దేరదీశాడు. దారిలో ఒక్కటే అడిగాడు, నువ్వు రాసింది నాకు చెప్పు అని. చెప్పాను.

హెడ్మాస్టారు కూర్చోమన్నా తాత కూర్చోలేదు. పంతులుగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. తాత ఆయనకి దణ్ణం పెట్టాడు.

"అయ్యా, నాకు అచ్చరం ముక్క రాదండి. ఆ పడవోడి కత ఒక్కసారి సదివి ఇనిపించండి" అన్నాడు.

పంతులుగారు హెడ్మాస్టారి వైపు చూశారు. ఆయన తలూపారు. పంతులుగారు చదివారు. ఎంత కోపంలో ఉన్నా ఆయనకి చెడ్డగా చదవడం రాదు. తాత కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ భాష తాతకి కొత్త కాదు, పురాణాల్లో విన్నదే.

"సానా బాగా సదివారండి. మూడు మాటలు అడుగుతాను, ఏమీ అనుకోకండి" అన్నాడు తాత. "ఆ పెద్దమనిషి మూట యాడ మర్సిపోయాడండి?"

"పడవలో."

"పడవోడు ఎంత దూరం నడిసాడండి?"

"రెండు క్రోసులు."

"ఎందుకు పుచ్చుకోలేదండి?"

"దైవభీతి" అన్నారు పంతులుగారు.

"ఆ ముక్క ఇప్పుడు మీరు సదవలేదండి" అన్నాడు తాత.

"అది గ్రహించుకోవాలి."

"తమరు గ్రహించుకున్నారండి. మంచోరు కాబట్టి మంచే గ్రహించుకున్నారు. మా పిల్ల మాత్రం ఉన్నదాకా రాసి ఆగిపోయింది. నీకేమనిపిత్తందో రాయమని ఏరేగా అడిగితే అదీ రాసేదండి. రెండూ కలిపేసి, నీకు సదవటం రాదంటే ఎట్టాగండి?"

హెడ్మాస్టారు పెదవుల దాకా వచ్చిన నవ్వుని రుమాలుతో తుడుచుకున్నారు. ఆయనకి అర్థమైందని నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. కానీ అర్థం కావడం ఒకటి, బడి నడపడం ఒకటి. "పెద్దాయనా, మీ మాట విన్నాను. కానీ క్లాసంతా నవ్వాక పంతులుగారి మాట నిలబడకపోతే రేపు ఈ బళ్ళో ఎవరి మాటా నిలబడదు. రాసిస్తుందా, ఇవ్వదా?" అన్నారు.

తాత నావైపు తిరిగాడు. "రాత్తానంటే రాయి. నేనేమీ అనుకోను. మీ నాయన సంగతి నీకు తెలుసు. రాయకపోతే ఏమవుద్దో కూడా తెలుసు" అన్నాడు. నన్ను రాయొద్దని అనలేదు. ఆ మాట అని ఉంటే నాకెంత తేలికయ్యేదో. పద్నాలుగేళ్ళ పిల్లని, చేతిలో హెడ్మాస్టారి కలం. రాశాను. "క్లాసులో పంతులుగారికి ఎదురు మాట్లాడినందుకు క్షమించవలెను. నాలుగవ ప్రశ్నకు జవాబు ఆ గద్యములో లేదు." హెడ్మాస్టారు అది రెండుసార్లు చదివి, మడిచి, బల్ల మీద కాగితాల బరువు కింద పెట్టి, వెళ్ళమన్నారు. వారం తర్వాత గోడకి అంటించిన లిస్టులో నా నంబరు లేదు.

ఆ తర్వాత నేను తెలుగు టీచర్ని అయ్యాను, వేల పేపర్లు దిద్దాను. జవాబు ఇదీ అని పైనుంచి అచ్చువేసిన కాగితం వచ్చేది. అందులో లేని జవాబు ఏ పిల్లో రాస్తే, ఆ పిల్ల ఎందుకలా రాసిందో అని ఆ పేపరు పక్కనపెట్టి మళ్ళీ చదివేదాన్ని. దీనివల్ల నా కట్ట ఎప్పుడూ అందరికంటే ఆలస్యంగా వెళ్ళేది, నాకు మెమోలు కూడా వచ్చాయి. దాచిపెట్టుకున్నాను వాటిని, సన్మాన పత్రాల కంటే భద్రంగా. ఊహించుకోవడం తప్పని నేను ఎన్నడూ పిల్లలకి చెప్పలేదు. ఉన్నదేదో, నువ్వు ఊహించిందేదో విడివిడిగా తెలుసుకో అని చెప్పాను. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే చెబుతాను. అప్పుడు పుస్తకాలు తక్కువ, బెత్తాలు ఎక్కువ. ఇప్పుడు పుస్తకాలకి కొదవ లేదు, శైలజ లాంటి పిల్ల తీరిక చేసుకుని పక్కన కూర్చుని అడుగుతోంది. మాకు అలాంటి టీచరు ఉంటే నేను ఆ ఎండాకాలం రాట్నం ముందు కూర్చునేదాన్ని కాదు. ఆ రోజులే బాగున్నాయని నా నోటితో అనిపించాలని ఎవరూ రావద్దు.

ఆ లిస్టు చూసి ఊరికి వచ్చేశాను. నాన్న తిట్టలేదు. రాట్నం దుమ్ము దులిపి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ రెండు పూటలు ఏడ్చి ఊరుకుంది. పొద్దున్న పడుగుల దగ్గర గంజి అందించడం, ఎండెక్కాక కండెలు చుట్టడం, ఇదీ నా దినచర్య. వీధిలో ఆడవాళ్ళు నీళ్ళకి వెళుతూ గుమ్మంలో ఆగి, చదివిన చదువు చాలులేమ్మా అని ఓదార్చేవాళ్ళు. ఆ ఓదార్పుకి నాకు తిక్క రేగేది. తాత మామూలుగా మగ్గంలో కూర్చునేవాడు గానీ నన్ను చదవమని అడగడం మానేశాడు. నాకు అదే ఎక్కువ బాధ. నేను తప్పినందుకు ఈయన కూడా నన్ను వదిలేశాడా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అన్నాలైన తర్వాత తాత రేకు పెట్టె తెరిచి, పంచెల అడుగునుంచి ఒక కవరు తీశాడు. మడతల దగ్గర పసుపురంగు తిరిగి చినగడానికి సిద్ధంగా ఉంది. అది నా చేతికిచ్చి మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. పక్క మగ్గంలో నాన్న నేస్తున్నాడు. నాన్నకి ఒక తమ్ముడు ఉండేవాడని, సముద్రం దాటి రంగం వెళ్ళి బియ్యపు మిల్లులో పనిచేస్తూ జ్వరంతో పోయాడని మాత్రమే నాకు తెలుసు. అది నేను పుట్టకముందు సంగతి. ఆ కవర్లో ఉత్తరం ఆ బాబాయి రాయించిందే. "మన వీధిలో అప్పుడు ముత్తయ్య ఒక్కడే ఉత్తరాలు సదివేవోడు" అని తాత చెప్పాడు. ముత్తయ్య మంచి మనిషి. ఏ ఉత్తరమైనా సరే, ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టి చదివేవాడు. అందులో ఆ మాట ఉన్నా లేకపోయినా. ముసలివాళ్ళ గుండె బెదరకూడదని. ఈ ఉత్తరం కూడా అలాగే చదివాడు. కాస్త నలతగా ఉంది, తగ్గుతోంది, త్వరలో వస్తాను అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వుతూ భోంచేశారు. ఎవరూ వెళ్ళలేదు. ఆరు నెలల తర్వాత రంగం నుంచి వచ్చినవాడొకడు "ప్రాణం మీదికొచ్చింది, ఎవరైనా రండని రాయిస్తే రాలేదేం బాబూ" అని అడిగాడు. ముత్తయ్యని తాత ఏమీ అనలేదు. ఆ రోజునుంచీ ఆ కవరు ఎవరికీ చూపించలేదు. "ఏం రాయించాడో సరిగ్గా ఇనాలని ఇన్నేళ్ళూ ఉంది నాకు. సదివేవోళ్ళు దొరకలేదు. ఇప్పుడు సదువు" అన్నాడు.

చదివాను. క్షేమం అనే మాట లేదు. నెల రోజులుగా జ్వరం అని ఉంది. ధర్మాసుపత్రిలో నేల మీద పడుకోబెట్టారని ఉంది. అన్నయ్యని కాకినాడ వెళ్ళి స్టీమరెక్కి రమ్మనండి, ఆలస్యం చేస్తే దొరకను అని ఉంది. పక్క మగ్గం ఆగిపోయింది. అమ్మకి నమస్కారాలు అని ఉంది, తెల్లావు ఈనిందా అని ఉంది. కింద రాసినవాడి సంతకం. అక్కడితో అయిపోయింది. తాత కదలకుండా విన్నాడు. బాబాయి రంగం వెళ్ళేటప్పుడు తాతా అతనూ మాటా మాటా అనుకున్నారని మా నానమ్మ ఎప్పుడో అన్న మాట నాకప్పుడు గుర్తొచ్చింది.

"నా మాటేమన్నా అడిగాడా?" అన్నాడు తాత.

ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆయన మొహం నేను ఎన్నడూ చూడని మొహం. ఒక్క ముక్క చాలు. నాన్నకి కూడా నమస్కారాలని బాబాయి రాయించాడంటే చాలు. ఆ ముసలాయన నిద్రపోతాడు. ఆయనకి చదవడం రాదు, మా నాన్నకీ రాదు, ఈ భూమ్మీద నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. ముత్తయ్య ఎందుకు అలా చదివాడో ఆ క్షణంలో నాకు పూర్తిగా అర్థమైంది.

"లేదు తాతా. నీ మాట లేదు" అన్నాను.

"మళ్ళీ సదువు."

మొదటినుంచీ చదివాను. ఏడుస్తూనే చదివాను, ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. అయిపోయాక తాత కవరు తీసుకుని మడతల మీదుగానే మడిచి, రొంటిన దోపుకున్నాడు. కళ్ళు తుడుచుకోలేదు. మెల్లగా లేచి, పక్క మగ్గం దగ్గరికి వెళ్ళి, నాన్న ఎదురుగా నిలబడ్డాడు.

"ఒరే, సదవటంలో ఈ పిల్ల తప్పిందని ఎవడ్రా నీకు సెప్పింది?" అన్నాడు.

జూన్‌లో బళ్ళు తెరిచిన రోజున, నా పెట్టె నెత్తిన పెట్టుకుని ఉయ్యూరులో బస్సు దాకా నాలుగు మైళ్ళూ నడిచింది మా నాన్నే.